న్యూయార్క్ కో-ఆప్‌లో పెద్దవాళ్లకు ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గింపు: ఎవరికి ఏది, ఎలా రాబట్టుకోవాలి

న్యూయార్క్ నగరంలో కో-ఆప్ ఫ్లాట్ కొన్నవాళ్లకు ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు ఇంటికి రాదు. కొన్నది గోడలు కాదు, షేర్లు. భవనం మొత్తం ఒక కార్పొరేషన్‌ది. మీ చేతిలో ఉన్నవి స్టాక్ సర్టిఫికెట్, ఆ ఫ్లాట్‌లో ఉండే హక్కిచ్చే ప్రొప్రయిటరీ లీజు. భవనానికంతటికీ పన్ను బిల్లు ఒక్కటే వస్తుంది, కార్పొరేషన్ కట్టేస్తుంది, మీ వాటా నెలనెలా కట్టే మెయింటెనెన్స్‌లో కలిసిపోతుంది. అందుకే చాలామంది పెద్దవాళ్లు "మేం ట్యాక్సే కట్టడం లేదు, మాకు తగ్గింపేమిటి" అని ఊరుకుంటారు. నిజానికి కడుతూనే ఉన్నారు, విడిగా కనిపించడం లేదంతే.

ఇందులో గుర్తుంచుకోవలసింది ఒకటుంది. తగ్గింపు మంజూరయ్యేది మీ పేరున, డబ్బు జమయ్యేది మాత్రం భవనం ఖాతాలో. అక్కడి నుంచి మీ మెయింటెనెన్స్ లెక్కలోకి అది దిగే దాకా పని అయినట్టు కాదు. దరఖాస్తు పెట్టి, మంజూరు లేఖ ఫైల్లో దాచుకుని, జమ అయిందో లేదో ఏళ్ల తరబడి చూడని ఇళ్లు తక్కువేం కాదు.

మొదటి పని: మీ భవనం ఏ జాతిదో తేల్చుకోండి

ఫారమ్ జోలికి వెళ్లకముందే ఇది తేలాలి. దరఖాస్తులు తిరిగొచ్చేది ఎక్కువగా ఇక్కడ పొరపాటు పడటం వల్లే. స్టాక్ సర్టిఫికెట్ బయటికి తీసి, పైన అచ్చయిన కార్పొరేషన్ పేరు పూర్తిగా చదవండి.

పేరు చివర "హౌసింగ్ డెవలప్‌మెంట్ ఫండ్ కార్పొరేషన్" అని ఉంటే మీది హెచ్‌డీఎఫ్‌సీ కో-ఆప్. తక్కువ, మధ్యస్థ ఆదాయం వాళ్ల కోసం, తిరిగి అమ్మడానికి షరతులతో నడిచేది.

మీ కాగితాల్లో "మెయింటెనెన్స్" బదులు "క్యారియింగ్ చార్జీ" అనీ, లీజు బదులు "ఆక్యుపెన్సీ అగ్రిమెంట్" అనీ ఉందా? ఏటా ఇంట్లో అందరి ఆదాయం చూపిస్తూ అఫిడవిట్ ఇమ్మని అడుగుతున్నారా? అయితే అది దాదాపు ఖాయంగా మిచెల్-లామా భవనం. 1955లో వచ్చిన చట్టం అది, దాన్ని తెచ్చిన ఇద్దరు శాసనకర్తల పేర్లే దానికి నిలిచిపోయాయి. బ్రాంక్స్‌లో పదిహేను వేలకు పైగా ఫ్లాట్లున్న కో-ఆప్ సిటీ, క్వీన్స్‌లోని రాచ్‌డేల్ విలేజ్ ఈ కోవవే. మన్‌హట్టన్‌లోని పెన్ సౌత్ మరో రకం, దాన్ని రీడెవలప్‌మెంట్ కంపెనీ అంటారు. మన లెక్కకు అదీ ఈ గుంపులోనే పడుతుంది.

ఇవేవీ కాకపోతే మీది మామూలు మార్కెట్ కో-ఆప్. ఫ్లషింగ్‌లో గణేశ్ గుడి చుట్టుపక్కల ఉన్న ఎర్ర ఇటుకల ఆరంతస్తుల భవనాల్లో ఇలాంటివి బోలెడు.

ఇంత పట్టింపు దేనికంటే, మార్కెట్ కో-ఆప్‌లో ఉన్న పెద్దవాళ్లకు వర్తించేది ఎస్‌సీహెచ్‌ఈ అనే పన్ను మినహాయింపు. మిచెల్-లామా, హెచ్‌డీఎఫ్‌సీ, రీడెవలప్‌మెంట్ భవనాల వాళ్లకు అది రాదు, వాళ్లకు స్క్రీ అనే వేరే పథకం ఉంది. ఒకరి ఫారమ్ ఇంకొకరు నింపితే నెలలు పోతాయి, గడువూ పోతుంది. అనుమానంగా ఉంటే భవనం వ్యవహారాలు చూసే మేనేజింగ్ ఏజెంట్‌కు ఒక ఈమెయిల్ పెట్టి "ఈ భవనం ప్రైవేట్ హౌసింగ్ ఫైనాన్స్ లా కిందికి వస్తుందా, వస్తే ఏ ఆర్టికల్?" అని అడగండి. నోటిమాటతో సరిపెట్టుకోకండి.

మార్కెట్ కో-ఆప్ అయితే: ఎస్‌సీహెచ్‌ఈ

ముందు సర్టిఫికెట్ మీద ఉన్న పేర్లన్నీ చూడండి. యజమానులందరికీ 65 ఏళ్లు నిండాలి, అందరూ అదే ఫ్లాట్‌లో కాపురం ఉండాలి. భార్యాభర్తలు గానీ తోబుట్టువులు గానీ అయితే ఒక్కరికి 65 నిండితే చాలు. వయసు లెక్క మార్చి నాటికి కాదు, మినహాయింపు మొదలయ్యే సంవత్సరం డిసెంబర్ 31 నాటికి. నవంబర్‌లో 65 నిండబోయే నాన్నగారు ఆ ఏడాది మార్చిలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పుట్టినరోజు దాటాక పెడదాంలే అనుకుంటే ఒక ఏడాది తగ్గింపు వదులుకున్నట్టే.

మన ఇళ్లలో ఎక్కువగా దెబ్బతినేది ఇంకోచోట. "రేపు మాకేమైనా అయితే ఇబ్బంది లేకుండా" అని అబ్బాయి పేరో అమ్మాయి పేరో సర్టిఫికెట్‌లోకి ఎక్కిస్తారు. నలభై ఏళ్ల కొడుకు న్యూజెర్సీలో ఉంటూ ఇక్కడ షేర్‌హోల్డర్ అయ్యాడంటే మినహాయింపుకు అక్కడితో సరి. అతనికి 65 లేవు, అతను అక్కడ ఉండడు, పైగా అతని జీతమూ లెక్కలోకి వస్తుంది. పేరు కలపాలనుకుంటే ముందు వకీలుతో మాట్లాడి, వీలునామాతోనో ట్రస్టుతోనో పని జరుగుతుందేమో చూడండి. షేర్లు ఇప్పటికే ట్రస్టులో ఉంటే ట్రస్టు పత్రం మొత్తం నకలు దరఖాస్తుకు జతచేయాలి, మొదటి పేజీ, చివరి పేజీ పంపితే సరిపోదు.

దరఖాస్తు నాటికి ఫ్లాట్ మీ చేతికొచ్చి పన్నెండు నెలలు కావాలి. ఇంతకుముందున్న ఇంటికి ఇదే మినహాయింపు పొంది ఉంటే ఆ నిరీక్షణ అక్కర్లేదు.

ఇక ఆదాయం. యజమానులందరిదీ, వాళ్ల జీవిత భాగస్వాములదీ కలిపి 58,399 డాలర్లు దాటకూడదు. 2017లో పెంచిన పరిమితి ఇది. మెట్లు ఇలా ఉంటాయి:

50,000 లేదా తక్కువ: 50 శాతం
50,999 వరకు: 45
51,999 వరకు: 40
52,999 వరకు: 35
53,899 వరకు: 30
54,799 వరకు: 25
55,699 వరకు: 20
56,599 వరకు: 15
57,499 వరకు: 10
58,399 వరకు: 5

ఒక్క డాలర్ దాటినా సున్నా. లెక్క మొదలయ్యేది ఫెడరల్ రిటర్న్‌లోని అడ్జస్టెడ్ గ్రాస్ ఇన్‌కమ్‌తో. ఐఆర్‌ఏ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) నుంచి తీసుకున్న సొమ్ముకు వేరే నియమం ఉంది, కాబట్టి ఫారమ్‌లోని ఆదాయం పేజీని వరుసగా చదువుకుంటూ నింపండి. ఏ సంవత్సరం రిటర్న్ కావాలో కూడా ఆ ఫారమ్ మీదే ఉంటుంది. చేతికి దొరికిన తాజా రిటర్న్ జతచేసేసి తప్పు చేయకండి.

ఇండియా ఆదాయం సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. గ్రీన్ కార్డు గానీ పౌరసత్వం గానీ ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికా రిటర్న్‌లో చూపించాల్సిందే. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి అక్కడ పన్ను లేదు, ఇక్కడ ఉంది. పొలం కౌలు అక్కడ వ్యవసాయ ఆదాయం కింద పన్ను తప్పించుకుంటుంది, ఇక్కడ తప్పించుకోదు. విజయవాడలో అద్దెకిచ్చిన పోర్షన్, స్టేట్ బ్యాంకులో ఎఫ్‌డీ వడ్డీ, అన్నీ రిటర్న్‌లోకి ఎక్కి ఆ మొత్తంలో కలుస్తాయి. వీటిని వదిలేసి 50 శాతం తెచ్చుకుంటే, తర్వాత బయటపడినప్పుడు తగ్గించిన పన్ను వెనక్కి కట్టమంటారు, దానికి తోడు ఐఆర్‌ఎస్ గొడవ. గుంటూరులో స్థలం అమ్మే ఆలోచన ఉంటే ఆ లాభం ఏ సంవత్సరం రిటర్న్‌లో పడుతుందో, ఆ రిటర్న్ ఏ దరఖాస్తుకు ఆధారం అవుతుందో ముందే చూసుకోండి. రెన్యువల్‌కు లెక్కలోకి రాని ఏడాదిలో అమ్మితే నష్టం ఉండదు.

డబ్బు ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. ఊహకే అనుకోండి: భవనం అసెస్డ్ వాల్యూ (పన్ను కోసం నగరం కట్టే విలువ) 40 లక్షల డాలర్లు, మొత్తం షేర్లు 20,000, మీవి 200. మీ వాటా నూటికి ఒకటి, అంటే 40,000 డాలర్లు. ఇలాంటి భవనాలు క్లాస్ 2లో ఉంటాయి, 2024-25లో ఆ తరగతి రేటు 12.5 శాతం. మీ వాటా పన్ను ఏడాదికి 5,000. 50 శాతం మినహాయింపు వస్తే 2,500 మిగులు, నెలకు 208 డాలర్ల పైచిలుకు. ఆదాయం 52,400 అయితే 35 శాతం వస్తుంది, ఏడాదికి 1,750. మీ భవనం అంకెలు నగర ఫైనాన్స్ శాఖ వెబ్‌సైట్‌లో బరో, బ్లాక్, లాట్ నంబర్లతో దొరుకుతాయి (క్వీన్స్ అయితే మొదటి అంకె 4). మీ షేర్ల సంఖ్య సర్టిఫికెట్ మీద ఉంటుంది, భవనం మొత్తం షేర్లు వార్షిక ఆర్థిక నివేదికలో ఉంటాయి.

గడువు మార్చి 15. ఆలోపు అందితే జూలై 1 నుంచి వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో పెట్టడమే మేలు, అందినట్టు నంబర్ వస్తుంది. కాగితం మీదే పంపాలనుకుంటే పోస్టాఫీసులో సర్టిఫైడ్ మెయిల్ చేసి రసీదు దాచండి. ఇవి దగ్గర పెట్టుకుని కూర్చోండి: స్టాక్ సర్టిఫికెట్ రెండు వైపులా నకలు, వయసుకు పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో గ్రీన్ కార్డో, అందరి ఫెడరల్ రిటర్న్‌లు అన్ని షెడ్యూళ్లతో, సోషల్ సెక్యూరిటీ వాళ్ల 1099 ఫారమ్, షేర్‌హోల్డర్లలో ఎవరైనా చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం. రిటర్న్ వేసేంత ఆదాయం లేనివాళ్లు కూడా ఆదాయ రుజువులు ఇవ్వాల్సిందే.

జన్మ ధ్రువపత్రం లేదని కంగారుపడొద్దు. బడిలో చేర్చేటప్పుడు వేయించిన పుట్టినతేదీ అసలుది కాకపోయినా, పాస్‌పోర్టులో ఏది ఉంటే దాన్నే చూస్తారు.

పేర్లు మాత్రం కుదరాలి. మన ఇంటిపేర్ల వ్యవహారం ఇక్కడి గుమస్తాలకు అంతుబట్టదు. సర్టిఫికెట్ మీద "వి. సుబ్బారావు", పాస్‌పోర్టులో "వేమూరి వెంకట సుబ్బారావు", సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఇంటిపేరు చివరికి పోయి "సుబ్బారావు వేమూరి" అని ఉంటే కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు. పాస్‌పోర్టులో ఒకే గడిలో పేరంతా పడి, రెండో గడిలో "ఎఫ్‌ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు అని) చేరినవాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. దరఖాస్తులో సర్టిఫికెట్ మీద ఉన్నట్టే రాసి, "ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివి" అని నోటరీ చేయించిన అఫిడవిట్ ఒకటి ముందుగానే జతచేస్తే ఒక విడత ఉత్తరప్రత్యుత్తరాలు తప్పుతాయి.

మిచెల్-లామా, హెచ్‌డీఎఫ్‌సీ అయితే: స్క్రీ

ఇది పన్నును నేరుగా తగ్గించదు. మీ క్యారియింగ్ చార్జీని ఒకచోట ఆపేస్తుంది. ఆ పైన పెరిగిన మొత్తాన్ని నగరం మీ భవనం ప్రాపర్టీ ట్యాక్స్‌లో తగ్గించి కార్పొరేషన్‌కు సర్దుబాటు చేస్తుంది. 1970 నుంచి ఉన్న పథకం ఇది. అద్దె నియంత్రణలో ఉన్న ఇళ్ల స్క్రీ ఫైనాన్స్ శాఖ చూస్తుంది, మీ కో-ఆప్‌ల స్క్రీ మాత్రం హెచ్‌పీడీ అనే గృహ నిర్మాణ శాఖ చూస్తుంది. ఇంటర్నెట్‌లో ముందు కనబడేది ఫైనాన్స్ శాఖ ఫారమ్. అది మీది కాదు.

అర్హతలు: ఇంటి పెద్దకు 62 ఏళ్లు, సర్టిఫికెట్ మీద ఆ పేరే ఉండాలి. ఇంట్లో ఉంటున్న అందరి ఆదాయం కలిపి ఏడాదికి 50,000 డాలర్లలోపు (2014లో 29,000 నుంచి పెంచారు). క్యారియింగ్ చార్జీ నెల ఆదాయంలో మూడో వంతు కంటే ఎక్కువ ఉండాలి. సెక్షన్ 8 వోచర్ (ప్రభుత్వ అద్దె సాయం) ఉన్నవాళ్లకు వర్తించదు.

ఇలా చూడండి. ఏడాది ఆదాయం 27,000, నెలకు 2,250, అందులో మూడో వంతు 750. చార్జీ 900 ఉంది, 980కి పెరగబోతోంది. స్క్రీ వస్తే మీరు కట్టేది 900 దగ్గర ఆగుతుంది, పై 80 నగరం చూసుకుంటుంది. 900ను 750కి దించరు. దీన్ని అపార్థం చేసుకుని "మాకేం తగ్గలేదు" అని రెన్యువల్ మానేసేవాళ్లున్నారు. నాలుగేళ్లలో రెండు పెంపులు వచ్చాక పక్కింటివాళ్లు 1,080 కడుతుంటే మీరు 900 దగ్గరే ఉండటమే ఇందులోని లాభం. కాబట్టి అర్హత వచ్చిన రోజే పెట్టండి, పెంపు వచ్చేదాకా ఆగకండి. దీనికి మార్చి గడువేమీ లేదు, ఏడాదిలో ఎప్పుడైనా పెట్టొచ్చు.

చార్జీ లెక్కలో కరెంటు, గ్యాస్, ఏసీ, పార్కింగ్ కలపరు. నెల బిల్లు మొత్తం రాసేస్తే మూడో వంతు దాటినట్టు కనిపిస్తుంది, హెచ్‌పీడీ వాళ్లు విడదీశాక దాటదు. ముందే మీరు విడదీసి చూసుకోండి.

ఇంకో చిక్కు: ఉద్యోగం చేసే కొడుకు అదే ఫ్లాట్‌లో ఉంటూ ఆదాయ అఫిడవిట్‌లో పేరుంటే అతని జీతమూ కలుస్తుంది. స్క్రీ కోసం అతన్ని అఫిడవిట్‌లోంచి తప్పించడం మాత్రం చేయకండి. రెండు కాగితాల్లో తేడా ఉంటే చిక్కే, పైగా మిచెల్-లామాలో పెద్దవాళ్ల తర్వాత ఫ్లాట్ అతనికి దక్కే హక్కు ఆ అఫిడవిట్‌లో పేరు ఉండటం మీదే ఆధారపడుతుంది.

ఇంకో రెండు తగ్గింపులు, చకచకా

ఎన్‌హాన్స్‌డ్ స్టార్ అనే పన్ను ఊరట రాష్ట్రానిది. 65 ఏళ్లు, 2025కి ఆదాయ పరిమితి 1,07,300 డాలర్లు, కాబట్టి ఎస్‌సీహెచ్‌ఈ తప్పినవాళ్లు కూడా ఇక్కడ నిలబడొచ్చు. కొత్తగా చేరేవాళ్లు రాష్ట్ర ట్యాక్స్ డిపార్ట్‌మెంట్‌లో రిజిస్టర్ చేసుకుంటే డబ్బు నేరుగా మీ పేరున వస్తుంది. భవనం వెంట పరిగెత్తే పని లేనిది ఇదొక్కటే.

కో-ఆప్ అబేట్‌మెంట్ అనే నగర పన్ను తగ్గింపు మార్కెట్ భవనాలకు మాత్రమే. మేనేజింగ్ ఏజెంట్ ఫిబ్రవరి 15లోపు భవనం తరఫున వేయాలి, మీరు వేయలేరు. వయసుతో, ఆదాయంతో పని లేదు, అది మీరు కాపురముండే ఫ్లాట్ అయితే చాలు. సగటు అసెస్డ్ వాల్యూను బట్టి 17.5 నుంచి 28.1 శాతం దాకా. "మా ఫ్లాట్ ప్రైమరీ రెసిడెన్స్‌గానే నమోదై ఉందా" అని జనవరిలో ఏజెంట్‌ను అడగండి. కొన్నేళ్ల కిందట అద్దెకిచ్చినప్పుడు మార్చిన గుర్తు అలాగే ఉండిపోవడం మామూలే.

డబ్బు మీ లెక్కలోకి దిగిందా?

ఎస్‌సీహెచ్‌ఈ మంజూరు లేఖ వచ్చాక సగం పనే అయింది. జూలై నుంచి భవనం పన్ను తగ్గుతుంది. ఫైనాన్స్ శాఖ ఏ ఫ్లాట్‌కు ఏ మినహాయింపు, ఎంత అని వివరంగా భవనానికి చూపిస్తుంది. దాన్ని మీ ఖాతాలో జమ చేయడం కార్పొరేషన్ బాధ్యత, చట్టంలోనే ఉంది. కొన్ని భవనాలు నెలనెలా తగ్గిస్తాయి, కొన్ని ఏడాదికోసారి ఒకే క్రెడిట్ వేస్తాయి. రెండూ జరిగేవే.

సెప్టెంబర్ స్టేట్‌మెంట్‌లో "ఎస్‌సీహెచ్‌ఈ క్రెడిట్" అని విడి వరుస కనిపించకపోతే ఏజెంట్‌కు రాతపూర్వకంగా మూడు అడగండి: ఈ సంవత్సరానికి ఫైనాన్స్ శాఖ వివరంలో మా యూనిట్ పక్కన ఎంత ఉంది, దాన్ని ఏ తేదీన జమ చేశారు లేదా చేస్తారు, లెడ్జర్ నకలు ఇవ్వండి. మంజూరు లేఖ నకలు జతచేయండి. ఏజెన్సీ మారిన ఏడాది ఇది ప్రత్యేకంగా చూడాలి, పాత ఏజెంట్ జాబితా కొత్తవాళ్లకు అందక క్రెడిట్లు ఆగిపోతుంటాయి.

స్టేట్‌మెంట్‌లో అబేట్‌మెంట్ క్రెడిట్ పడి, కిందనే సరిగ్గా అంతే మొత్తానికి "అసెస్‌మెంట్" అని చార్జీ కనిపిస్తే ఆశ్చర్యపోకండి. రిజర్వు ఫండ్ పెంచుకోవడానికి బోర్డులు వాడే పాత పద్ధతి అది. అందరికీ షేరుకింత చొప్పున వేశారా అన్నది చూసుకోండి. మీ సీనియర్ మినహాయింపుకు సమానంగా మీ ఒక్కరి మీదే వేసి ఉంటే మాత్రం ఊరుకోకండి, బోర్డు తీర్మానం నకలు అడగండి.

రెన్యువల్, ఇండియా ప్రయాణాలు

ఎస్‌సీహెచ్‌ఈ రెండేళ్లకోసారి రెన్యువల్ చేయాలి. స్క్రీ గడువు మీ మంజూరు ఆర్డర్ మీద ఉంటుంది. నోటీసు పోస్టులో వస్తుంది, సరిగ్గా అమ్మానాన్నలు సంక్రాంతికి వెళ్లి హైదరాబాద్‌లో ఉన్నప్పుడు వస్తుంది. తలుపు కింద నుంచి తోసిన కవరు మార్చి చివర వాళ్లొచ్చేదాకా అక్కడే పడి ఉంటుంది. పోస్టు చూసే పని ఒకరికి అప్పజెప్పండి, మంజూరైన రోజే పిల్లల ఫోన్ క్యాలెండర్‌లో రెండేళ్ల తర్వాతి జనవరికి గుర్తు పెట్టించండి.

నాలుగు నెలలు ఇండియాలో ఉన్నంత మాత్రాన ఇది కాపురముండే ఇల్లు కాకుండా పోదు. ఓటు (పౌరసత్వం ఉంటే), లైసెన్స్, రిటర్న్ మీది చిరునామా ఇవన్నీ ఇక్కడివే ఉండాలి. ఫ్లాట్ ఆ నెలల్లో ఎవరికైనా సబ్‌లెట్ ఇస్తే మాత్రం చిక్కే. నర్సింగ్ హోమ్‌లో చేరినవాళ్ల విషయంలో వేరే వెసులుబాటు ఉంది, ఆ కాగితాలు జతచేయాలి.

పెద్దాయన పోతే ఆవిడకు 65 లేవు కదా అని మినహాయింపు వదులుకోకండి. 62 నిండి ఉంటే వయసు కారణంగా దాన్ని తీసేయకూడదు. షేర్లు ఆవిడ పేరుకు మార్పించి, కొత్త సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం కలిపి ఫైనాన్స్ శాఖకు పంపండి.

తిరస్కరిస్తే లేఖలో కారణమూ, అప్పీలు గడువూ ఉంటాయి. కవరు మీద పోస్టు ముద్ర తేదీ కనపడేలా దాన్ని కూడా దాచండి. ఇంగ్లిష్ ఫోన్లో ఇబ్బందైతే నగరం హెల్ప్‌లైన్ 311కు చేసి తెలుగు దుభాషి కావాలని అడగండి, దానికి డబ్బు తీసుకోరు.